సందేహం అడిగినోడే టీ పోయించాలి

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నా ప్రమోషన్ల గురించి ఏమీ ఉండదు. వచ్చినవే రెండు. రెండోది ఎంత ఆలస్యంగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ బీపీ పెరుగుతుంది, కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

నేను సేఫ్టీ మాస్టారిని. పోర్టులోనూ స్టీలు ప్లాంటులోనూ బరువులెత్తే పనులు కాంట్రాక్టుకు తీసుకునే ఒక కంపెనీ యార్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. కంపెనీ పేరు రాయను, మా ఆవిడ వద్దంది. కొత్తగా చేరే మనిషికి గేటు పాసు ఇచ్చే ముందు రెండు రోజులు కూర్చోబెట్టి, ఇక్కడ చెయ్యి పెట్టకు, అక్కడ నిలబడకు అని చెప్పటం నా ఉద్యోగం. సూటిగా చెప్పాలంటే, సాయంత్రం ప్రాణాలతో ఇంటికెళ్ళటం ఎలాగో నేర్పేవాణ్ణి. పాఠాల పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. వినేవాళ్ళకు ఇంగ్లీషు రాదు. చెప్పే నాకు ఎంత వచ్చో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు మొన్న మా ఇంటికొచ్చి, "సార్, ఏదైనా సలహా ఇవ్వండి" అన్నారు. నాకేమీ తట్టలేదు. కాఫీలిచ్చి పంపేశాను. వాళ్ళు గేటు దాటాక సింహాచలం గుర్తొచ్చాడు. నేను నవ్వుతూ పెట్టిన టిక్కుల వల్ల ఆ మనిషి పాసు పోబోయింది. ఆ పాసు పోతే ఇల్లు గడవదు. అదెలా జరిగిందో చెబితే చాలు, నా సలహాలన్నీ అందులోనే ఉన్నాయి.

మా ఆవిడే మాటాడతాది

గేటు పాసు కావాలంటే ముందు ఒక కార్డు నింపాలి. పేరు, ఊరు, రక్తం గ్రూపు అయ్యాక రెండు గళ్ళు ఉండేవి. ఒకటి 'ఇంట్లో మాట్లాడే భాష'. రెండోది 'ఇంగ్లీషు'. దాని కింద మళ్ళీ మాట్లాడటం, చదవటం, రాయటం అని మూడు చిన్న గళ్ళు.

నా మొదటి బాసుది గోదావరి జిల్లా. పెద్దాయన అందాం. మాట మెత్తన, పనిలో మహా గట్టివాడు. నేను చేరిన మొదటి వారం ఒక కార్డులో ఇంగ్లీషు గడిలో 'రాదు' అని రాస్తే పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"ఏమయ్యా, ఇతనికి ఇంగ్లీషు రాదని రాసేశావేంటి?"

"రాదండి."

"రాదని నాకు తెలీదూ? రాదని నువ్వు రాశావనుకో, అతనికి తెలుగులో క్లాసు పెట్టాలి. పెట్టాలంటే తెలుగు పుస్తకం ఉండాలి. అది మన దగ్గర లేదు. ఎందుకు లేదని పైవాళ్ళు నన్నడుగుతారు. ఇంత రామాయణం ఎందుకు చెప్పు, శుభ్రంగా టిక్కు పెట్టెయ్."

శుభ్రంగా పెట్టేశాను. ఆ రోజు నుంచి మా యార్డులో ఇంగ్లీషు రానివాడు ఒక్కడు లేడు. కార్డులు చూస్తే లండన్లో కూడా అంత చదువుకున్న కూలీలు ఉండరనిపిస్తుంది. పెద్దాయన చెడ్డమనిషని నేను అనను. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆస్పత్రిలో కూర్చునేది ఆయనే. అయితే ఆయన తప్పు చెప్పారు, నేను తప్పు చేశాను. అంత తేలిగ్గా ఉన్న పని ఎప్పుడైనా మంచిపని అయిందా?

సింహాచలం మా దగ్గరకు వచ్చినప్పుడు ముప్ఫై ఏళ్ళుంటాయి. జాలరిపేట మనిషి. తండ్రితో పడవ మీద పెరిగాడు కాబట్టి తాడు అతని చేతిలో చెప్పినమాట వినేది. రిగ్గరుగా తీసుకున్నాం. రిగ్గరంటే బరువుకు తాళ్ళు కట్టి, కింద నిలబడి, పైన క్రేను నడిపేవాడికి చేతి సైగలు చేసేవాడు. పైవాడికి వినబడదు, కింద ఏముందో సరిగా కనబడదు. ఆ చేతిని నమ్మే లోడు కదులుతుంది.

కార్డు నింపుతూ అడిగాను. "ఇంట్లో ఏ భాష మాట్లాడతావయ్యా?"

"నాను మాటాడను బాబూ. మా ఆవిడే మాటాడతాది."

"సరే, ఆవిడ ఏ భాష మాట్లాడుతుంది?"

"ఎవులొత్తే ఆల బాస మాటాడతాది. సేపలమ్మాలి కదా."

తెలుగు అని రాశాను. తరవాత ఇంగ్లీషు కింద మూడు టిక్కులు టకటకా పెట్టాను. అతను మెడ సాచి చూశాడు.

"అదేటి బాబూ?"

"నీకు ఇంగ్లీషు వచ్చని రాశాను."

"నాకా?"

"నీకే."

"ఎప్పట్నించి బాబూ?"

"ఇవాళ్టి నుంచి."

ఇద్దరం నవ్వుకున్నాం. అతను కింద సంతకం చేశాడు. మర్నాడు వాళ్ళావిడ పైడమ్మ ఒక స్టీలు గిన్నె నిండా వంజరం చేపల వేపుడు పంపించింది, మొగుడికి ఇంగ్లీషు వచ్చిన సందర్భంగా. పేటంతా చెప్పుకుందట. ఆ వేపుడు నేనూ మా ఆవిడా తిన్నాం. చాలా బాగుంది.

మా ఆవిడంటే గుర్తొచ్చింది. నాది కృష్ణా జిల్లా, ఆవిడది అనకాపల్లి పక్కన పల్లె. నేను 'ఏమిటి' అంటే ఆవిడ 'ఏటి' అంటుంది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ గబగబా ఏదో అడిగేది, నాకు సగం అర్థమయ్యేది కాదు. మళ్ళీ చెప్పమంటే చిన్నతనమని తలూపేసేవాణ్ణి. అలా ఒకసారి తలూపాక వాళ్ళ తమ్ముడు పెట్టె పట్టుకుని దిగాడు. మూడు నెలలున్నాడు. రమ్మని నేనే ఒప్పుకున్నానట! తలూపటం ఎంత ప్రమాదమో ఇంట్లోనే నేర్చుకోవలసినవాణ్ణి. నేర్చుకోలేదు.

నా క్లాసులో సందేహాలు పుట్టవు

ఇప్పుడు నా గొప్ప చెప్పుకుంటాను, కాస్త ఓపిక పట్టండి. కొత్తవాళ్ళకే కాక పాత బ్యాచికి కూడా రోజూ భోజనానికి ముందు క్లాసు ఉండేది. ఎన్నో ఏళ్ళపాటు నా క్లాసులో ఒక్కడంటే ఒక్కడు సందేహం అడగలేదు. ఇంగ్లీషు వాక్యం చదివేవాణ్ణి, తెలుగులో నాలుగు ముక్కలు అనేవాణ్ణి. "అర్థమైందా?" అంటే "అయింది బాబూ!" అని గది అదిరిపోయేది. "సందేహాలేమైనా ఉంటే అడగండి" అంటే చీమ చిటుక్కుమనేది కాదు. పైనుంచి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఒకాయన అది చూసి ముచ్చటపడి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇంగ్లీషులో ఏదో పొగిడాడు కూడా. ఏం పొగిడాడో తెలీదు, తలూపాను.

నా పాఠం అంత బాగుందనుకున్నాను. ఇంటికెళ్ళి మా ఆవిడతో కూడా అన్నాను. "మరి నాకెందుకు మీరు సెప్పింది ఒక్కటీ అర్తం కాదు?" అంది. అసూయ అనుకున్నాను.

పండగ పూటా బోడిగా ఉంటే బాగోదని

మా యార్డులో ఆయుధపూజ ఘనంగా చేస్తాం. దసరాకి క్రేన్లూ వించీలూ అన్నీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, నిమ్మకాయలు కడతారు. రిగ్గర్ల బ్యాచి మొత్తం సింహాచలం చెప్పినట్టు చేస్తుంది. సంవత్సరమంతా ఎవరిమాటా వినని కుర్రాళ్ళు కూడా ఆ రోజు గుడ్డలూ కిరసనాయిలూ పట్టుకుని తిరుగుతారు.

ఆ ఏడు పండగ ముందురోజు ఒక వించి పాడైంది. వించి అంటే కరెంటుతో తాడు చుట్టే పెద్ద డ్రమ్ము. ఎలక్ట్రీషియను బాషా దాన్ని విప్పి, పని సగంలో ఉందని స్విచ్చు బోర్డుకు ఎర్ర ట్యాగు తగిలించి వెళ్ళాడు. 'ప్రమాదం, ఆన్ చెయ్యవద్దు' అని ఇంగ్లీషులో రాసి ఉండే రేకుముక్క అది. తాళం కూడా వెయ్యాలి. వెయ్యలేదు. అది అతని తప్పు, అతనికి నేను విడిగా తిట్లు పెట్టాను.

పండగ మర్నాడు పొద్దున్నే బాషా వచ్చి డ్రమ్ము దగ్గర కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు మరిచిపోయి, పానా అక్కడే పెట్టి లేచాడు. లేచి పదడుగులు వేశాడో లేదో, వించి ఆపరేటరు వచ్చి, బోర్డుకు దండ వేసి చక్కగా ఉందని దణ్ణం పెట్టుకుని స్విచ్చు నొక్కాడు. డ్రమ్ము గిర్రున తిరిగింది. పానా రెండు వంకరలు పోయి ఎగిరి రేకుల షెడ్డుకు తగిలింది. పదడుగులు! బాషా చేతులు ఆ పానా ఉన్నచోట ఉండేవి.

ఎర్ర ట్యాగు ఏమైందని వెతికితే, యార్డు మూల ఏళ్ళ తరబడి పనిచెయ్యని ముసలి కంప్రెసరు మెడలో దొరికింది. శుభ్రంగా తుడిచి, మధ్యలో కుంకం బొట్టు పెట్టి, దండతోపాటు వేలాడదీసి ఉంది.

అందర్నీ నిలబెట్టాను. "ఎవడు మార్చాడు?" అని అరిచాను.

"నానే బాబూ" అన్నాడు సింహాచలం.

"ఎందుకు?"

"అన్నీ తీసి కడిగినాం కదా బాబూ. మళ్ళీ కట్టేటప్పుడు సూసినాం. సిన్న మిషనుకి ఈ ఎర్రరేకు ఉంది, పెద్దదానికి నేదు. ముసిల్ది, యార్డుకి అన్నిటికన్నా ముందొచ్చినాది. పండగ పూటా బోడిగా ఉంటే బాగోదని..."

"ఒరేయ్, దాని మీద ఏం రాసుందో చదవక్కర్లేదా?"

అతను తల దించుకోలేదు. నన్ను వింతగా చూశాడు.

"నాకు ఇంగిలీసు సదవడం వచ్చని రాసినారు మీరు. నాకెలగొస్తాది బాబూ?"

అంతమందిలో ఒక్కడు కూడా నవ్వలేదు. నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

టీ రూలు

సాయంత్రం సింహాచలాన్ని ఒక్కణ్ణే పిలిచాను. "ట్యాగు మీద ఏముందో ఏనాడూ నన్నడగలేదేమయ్యా? ప్రతి క్లాసులోనూ సందేహాలుంటే అడగమని అంటున్నాను కదా."

"అడిగితే టీ పోయించాలి బాబూ."

"ఎవరికి?"

"బేచి మొత్తానికి."

తరవాత తెలిసింది, ఇది నేను చేరకముందు నుంచీ ఉన్న రివాజట. సందేహం అడిగితే క్లాసు సాగుతుంది. క్లాసు సాగితే భోజనం ఆలస్యం. కాబట్టి ఆలస్యం చేసినవాడు అందరికీ టీ పోయించి తప్పు కట్టాలి. ముప్ఫై మందికి టీ అంటే ఎవడు నోరు తెరుస్తాడు? నా పాఠం గొప్పదని అన్నేళ్ళు మురిసిపోయాను చూడండి. సిగ్గుతో చచ్చిపోయాను.

వెంటనే రూలు తిరగేశాను. సందేహం అడిగినవాడికీ, బ్యాచి మొత్తానికీ నేనే టీ పోయిస్తానన్నాను. అంతే, ఒక్కసారిగా గది నిండా జిజ్ఞాస పొంగింది. "మాస్టారూ, హెల్మెట్టు కింద తలకి నూనె రాసుకోవచ్చేటి?" "మాస్టారూ, క్రేను ఆడదా, మగదా?" "మాస్టారూ, మీరు బోంచేసినారా?" ఇదీ సందేహమేనని బ్యాచి ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. పదిహేను రోజులకు మా ఆవిడ అడ్డుపడింది.

"జీతం టీకొట్టోడికి ఇచ్చీసి, మనమేటి తింటాం?"

రూలు మళ్ళీ పాతదైపోయింది. అయితే ఆ పదిహేను రోజుల్లో ఒక్క మంచి మాట వచ్చింది. సింహాచలమే అన్నాడు. "ట్యాగు మీద రాతెందుకు బాబూ, అరసెయ్యి గీయించండి." చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపిస్తే ఆపమని. క్రేను దగ్గర పనిచేసే ప్రతివాడికీ తెలిసిన సైగ. మల్కాపురంలో బోర్డులు రాసే పెయింటరును పిలిపించి ప్రతి ట్యాగు మీదా తెల్ల అరచెయ్యి వేయించాను. ఆ తరవాత ఏ పండగకీ ట్యాగు కదల్లేదు. నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను చేసిన అసలు పని అదొక్కటే, అదీ నా ఆలోచన కాదు.

కార్డులు మాత్రం దిద్దలేదు. దిద్దితే ఎందుకు దిద్దావని అడుగుతారు. రేపు దిద్దుదాం, వచ్చేనెల దిద్దుదాం అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. పెద్దాయన రిటైరైపోయారు. నాకు జుట్టు నెరిసింది. సింహాచలం సిగ్నల్‌మన్ల పెద్ద అయ్యాడు. కార్డులో అతనికి ఇంగ్లీషు వస్తూనే ఉంది.

త్రివేది గారు సంతోషించారు

నాకు ఇంక ఎనిమిది నెలల సర్వీసు ఉందనగా కొత్త మేనేజరు వచ్చారు. త్రివేది గారు, భోపాల్ నుంచి. నలభై ఏళ్ళ మనిషి. నిజాయితీపరుడు. ఇంగ్లీషు మాత్రం మా సిటీ బస్సులా మాట్లాడతారు, ఎక్కడా స్టాపు ఉండదు. వచ్చిన వారంలోనే కార్డులన్నీ తెప్పించుకుని చూసి మహా సంతోషించారు. ఇంతమందికి ఇంగ్లీషు వచ్చునా! ఇంకేం, రేపటినుంచి క్రేనుకు చేతి సైగలు వద్దు, వాకీటాకీలు ఇస్తాను, ఇంగ్లీషులో చెప్పుకోండి అన్నారు. ముందుగా సిగ్నల్‌మన్లందరికీ ఇంగ్లీషులో నోటి పరీక్ష. వచ్చని కార్డు మీద సంతకం చేసి, తీరా రాకపోతే అది అబద్ధపు డిక్లరేషను, పాసు రద్దు. మొదటి పేరు సింహాచలం, సీనియరు కదా.

ఆ క్షణం లేచి, "సార్, ఆ టిక్కులు నావి" అంటే సరిపోయేది. అనలేదు. ఎనిమిది నెలలు, ఒక మెమో, వీడ్కోలు సభ ఉంటుందో ఉండదో, ఇవన్నీ కళ్ళముందు కదిలాయి. భయపడ్డాను. అది వేరే మాటల్లో చెప్పటం నాకు చేతకాదు.

అందుకని పిరికివాళ్ళు చేసే పనే చేశాను. కోచింగు ఇచ్చాను. రావచ్చుననుకున్న ప్రశ్నలు పది రాసి, జవాబులు తెలుగు అక్షరాల్లో రాసి, ఆదివారం జాలరిపేట వెళ్ళాను. సింహాచలం అరుగు మీద కాగితం పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. పైడమ్మ కాళ్ళు చాపుకుని పక్కనే కూర్చుంది. మోకాళ్ళు అరిగిపోయి చేపల గంప దించేసి అప్పటికి ఏడాది. ఇంటికి ఇప్పుడు సింహాచలం పాసే ఆధారం.

"ఏటయ్యా ఆ నసుగుడు!" అంది. "అచ్చరమ్ముక్క రాకుండా ఇరవయ్యేళ్ళు నేవీ ఆఫీసర్ల పెళ్ళాలకి సేపలమ్మీసినాను. ఫెష్షు మేడం, మార్నింగ్ బోటు మేడం, నో ఐసు మేడం. ఎదటోళ్ళ కళ్ళలోకి సూడాల, గట్టిగా సెప్పాల. తగ్గకూడదు, అంతే."

"నువ్వెళ్ళి రాసీయవే ఆ పరీచ్చ" అన్నాడు సింహాచలం.

నిజానికి ఆవిడ వెళ్తే పాసయ్యేదని నా నమ్మకం. ఆ ఇంట్లో ఉన్నంత భాష మా ఆఫీసులో లేదు. కార్డులో 'తెలుగు' అని ఒక్కముక్క రాసి ఊరుకున్నాను.

జవాబులు రెండుసార్లు అప్పజెప్పాక సింహాచలం కాగితం మడిచాడు. "మాస్టారూ, ఒక మాట. లోడు గాల్లో ఊగతా ఉంటే ఇయ్యన్నీ గుర్తుకు తెచ్చుకుని మాటాడాలేటి? ఈలోగా కిందున్నోడు పోతాడు కదా."

"ముందు పాసు నిలబడనీ" అన్నాను.

పైడమ్మ నా వంక చూసింది. "పాసు పోదు కదా మాస్టారూ?"

"పోదమ్మా" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలీదు. ఆ పూట ఆవిడ పెట్టిన చేపల పులుసు నాకు గొంతు దిగలేదు.

పరీక్ష

పరీక్ష నా ట్రైనింగు గదిలోనే పెట్టారు. ముందు బల్ల దగ్గర త్రివేది గారు, పక్కన నేను. ఎదురుగా సింహాచలం, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాతో. వెనక బెంచీల మీద తమ వంతు కోసం మిగతా బ్యాచి అంతా. వాళ్ళ కార్డుల్లోనూ మూడేసి టిక్కులే.

మొదటి ప్రశ్న పేరు. చెప్పాడు. రెండోది ఎన్నేళ్ళ అనుభవమని. పైడమ్మ చెప్పినట్టు కళ్ళలోకి చూస్తూ గట్టిగా చెప్పాడు. త్రివేది గారు చిరునవ్వు నవ్వి మూడోది అడిగారు. అది పొడుగాటి ప్రశ్న. నేను రాసిచ్చిన పదింటిలో లేదు. 'లోడు' అన్న మాట ఒకటి వినబడింది, మిగతాది బస్సులా వెళ్ళిపోయింది.

సింహాచలం నా వైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పెయ్యి అన్నట్టు నేను తలూపాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు.

అతను నా తల వంక కాసేపు చూశాడు. తరవాత త్రివేది గారి వైపు తిరిగి, కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి చూపించాడు.

"ఆగండి బాబూ. నాకు అర్తం కానేదు."

ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆ మాట ఎవరూ అనలేదు. అన్నవాడు పాసు మీద ఆశ వదులుకుని అన్నాడు. వెనక బెంచీ మీంచి ఎవడో గుసగుసగా, "టీ" అన్నాడు.

"ఏమంటున్నాడు?" అని త్రివేది గారు నన్ను ఇంగ్లీషులో అడిగారు.

"అర్థం కాలేదంటున్నాడు సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. కార్డు తీసి టిక్కుల మీద వేలుపెట్టి చూపించారు. సరే, నా ప్రశ్న నువ్వు తెలుగులో చెప్పు అన్నారు.

తలూపటానికి కూడా వీల్లేదు, మాటే కావాలి. సింహాచలం చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. లేచి నిలబడ్డాను.

"సార్, నాకూ అర్థం కాలేదు" అన్నాను. ఇంగ్లీషులోనే అన్నాను. నా జీవితంలో తడబడకుండా చెప్పిన ఇంగ్లీషు వాక్యం అదొక్కటే అనుకుంటాను. ఇంక ఆగలేదు. మిగతాది నాకొచ్చిన హిందీలో చెప్పేశాను. టిక్కులు నావి, చేతిరాత నాది, ఇదేమిటని అతను అడిగితే నవ్వింది నేను, ఇవాళ పాసు తియ్యాలంటే నాది తియ్యండి.

వెనక నుంచి మళ్ళీ వినబడింది. "రెండో టీ."

త్రివేది గారు కార్డు బల్ల మీద పెట్టారు. తరవాత సింహాచలం వైపు తిరిగి, ఆ మూడో ప్రశ్నే, ఈసారి హిందీలో, ఒక్కొక్క మాటా విడదీసి అడిగారు. లోడు గాల్లో ఉంది, ఎదుటివాడు చెప్పేది నీకు అర్థం కాలేదు, అప్పుడేం చేస్తావు?

పోర్టులో పనిచేసినవాడికి ఆపాటి హిందీ వస్తుంది. సింహాచలం విని, ఇంతేనా అన్నట్టు నా వంక చూశాడు. ఎత్తిన చెయ్యి ఇంకాస్త పైకెత్తాడు.

"ఇందాకట్నించి అదే సేత్తన్నాను కదా బాబూ. అర్తం కాపోతే ఆపీడమే."

నేను హిందీలోకి మార్చి చెప్పాను. త్రివేది గారు ఆ చెయ్యి వంక చూశారు, కార్డు వంక చూశారు. పెన్ను తీసి మూడు టిక్కులూ కొట్టేసి, కింద 'పాస్' అని రాశారు. నాకు కళ్ళు చెమర్చాయి. దాచుకోవటానికి కళ్ళజోడు తుడుచుకున్నాను.

నాకు మెమో మర్నాడు వచ్చింది, రావలసిందే. మిగతావాళ్ళ పరీక్ష ఆగిపోయింది. చేతి సైగలు మరుసటి వారానికి తిరిగొచ్చాయి, వాకీటాకీలు బీరువాలోకి వెళ్ళాయి. మిగిలిన నెలలు ఒక్కొక్క మనిషినీ కూర్చోబెట్టుకుని అడిగి మరీ కార్డులు దిద్దాను. మీరు కూడా అడగండి పిల్లలూ. 'అర్థమైందా' అని మాత్రం అడక్కండి, దానికి ఎవరైనా అయిందనే అంటారు. 'చేసి చూపించు' అనండి. ఎదుటివాడి మాట మీకు తెలియకపోతే తెలియలేదని చెప్పండి, పైఅధికారి అయినా సరే. మెమో వస్తే వస్తుంది. నాది ఫ్రేము కట్టించుకుందామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు.

ఆ రోజు పరీక్ష గదిలో ఇంకొక్క సంగతి జరిగింది. కార్డు మీద 'పాస్' అని పడగానే బ్యాచి అంతా ఈలలు వేస్తూ, "రెండు టీలు, రెండు టీలు" అని గోల మొదలుపెట్టారు. త్రివేది గారు బిత్తరపోయి చూశారు.

"యే టీ టీ క్యా హై?" అన్నారు. "ముఝే సమఝ్ మే నహీఁ ఆయా." ఆయనకూ అర్థం కాలేదట.

ఈలలు ఆగాయి. అందరూ సింహాచలం వంక చూశారు, తీర్పు చెప్పాల్సిన పెద్ద అతనే కదా. అతను చొక్కా సర్దుకుని, చేతులు కట్టుకుని, మహా వినయంగా అన్నాడు.

"బాబుగారు కూడా అడిగీసినారు."

ఆ సాయంత్రం మా యార్డులో మనిషికి మూడేసి టీలు.